విద్యుత్ తీగలపై వార్తావహనము

హైదరాబాదు నుండి మేడ్చల్ మీదుగా నాగపూరు పోవు మార్గమున గాని, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోవు రాజీవ్ రహదారిపై గాని పయనించువారికి పొలములపై సాగిపోవు ఉక్కు టవర్లును, వానినుండి వ్రేలాడు లావుపాటి తీగలును కనబడును. ఆ తీగలు విద్యుచ్ఛక్తిని మోయునని బడిపిల్లలకు సైతము తెలియును. అవే తీగలు మాటలను, ఆజ్ఞలను, అంకెలను కూడ మోయగలవని తెలిసినవారు తక్కువ.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. దీనికి నూరేండ్లు దాటిన చరిత్ర గలదు. అందు గెలుపులును గలవు, ఓటములును గలవు. రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఒక సంగతి తేటపడును. తీగ స్వభావమును కొలిచి తెలిసికొని, అది మోయగలిగినంత వార్తనే దానిపై మోపినవారు గెలిచిరి. కొలువక ఆశపడినవారు ఓడిరి. నేడు మన కళాశాలలలో ఈ శాస్త్రమును చేపట్టు విద్యార్థులకు ఈ సంగతి మిక్కిలి ఉపయోగపడును.

ఒకే తీగపై రెండు పనులు

మన విద్యుత్కేంద్రములు పంపు ఏకాంతర ప్రవాహము సెకనుకు 50 ఆవర్తనములు చేయును. అనగా దాని పౌనఃపున్యము 50 హెర్ట్జ్. అదే తీగపై సెకనుకు లక్ష ఆవర్తనములు చేయు మరియొక చిన్న తరంగమును ఎక్కించినచో రెండును ఒకదానినొకటి చెరుపుకొనవు. పెండ్లి పందిరిలో డోలు ఎంత గట్టిగా మ్రోగుచున్నను సన్నాయి స్వరము వేరుగా చెవికి తెలియును గదా! అట్లే రెండవ కొసన తగిన పరికరమును ఉంచి ఆ చిన్న తరంగమును వేరుచేసి తీసికొనవచ్చును. వార్తను మోయు ఈ తరంగమునకు వాహక తరంగమని పేరు.

వేరుచేయు పనిని ప్రధానముగా రెండు సాధనములు చేయును. మొదటిది కెపాసిటరు. 4,400 పికోఫారడ్ల కెపాసిటరు 50 హెర్ట్జ్ ప్రవాహమునకు సుమారు 7 లక్షల 20 వేల ఓముల నిరోధమును చూపును. లక్ష హెర్ట్జ్ తరంగమునకు 360 ఓములు మాత్రమే చూపును. కనుక దాని ద్వారా వాహక తరంగము సులభముగా తీగపైకి ఎక్కును, దిగును; ప్రాణాంతకమగు శక్తి ప్రవాహము మాత్రము క్రిందికి దిగజాలదు. రెండవది తీగచుట్ట. దీని ధర్మము ఇందుకు సరిగా విరుద్ధము. ఒక మిల్లీహెన్రీ చుట్ట 50 హెర్ట్జ్‌కు ఓములో మూడవ వంతు కూడ అడ్డుపడదు. లక్ష హెర్ట్జ్‌కు 600 ఓములకు పైగా అడ్డుపడును. సబ్‌స్టేషను ప్రవేశమున తీగకు పీపావలె వ్రేలాడుచు కనబడు సాధనము ఇదియే. దీనిని వేవ్ ట్రాప్ అందురు. వార్త సబ్‌స్టేషనులోని ఇతర యంత్రములలోనికి పోయి వ్యర్థము కాకుండ ఇది కావలి కాయును.

ఒక తీగపై అనేక వాహక తరంగములను పంపవచ్చునని ప్రయోగపూర్వకముగా చూపినవారిలో అమెరికా సైన్యపు ఇంజనీరు జార్జ్ ఓవెన్ స్క్వయర్ ముఖ్యుడు. 1910లో ఆయన వాషింగ్టనులో ఒకే టెలిఫోను జతపై రెండు సంభాషణలను ఏకకాలమున నడిపించెను. గాలిలో పోవు రేడియో తరంగమునకు తీగయే దారి చూపినచో తక్కువ శక్తితో ఎక్కువ దూరము పోవునని ఆయన గ్రహించెను. టెలిఫోను తీగపై సాధ్యమైనది విద్యుత్ తీగపై ఏల సాధ్యము కాదని ఇతరులు యోచించిరి. 1918లో జపానులో హై టెన్షన్ లైనుపై టెలిఫోను సంభాషణ జరిగెను. 1920 తరువాత అమెరికాలోను, ఐరోపాలోను ఈ పద్ధతి వ్యాపించెను.

తొలినాళ్లలో వార్తను తీగపైకి ఎక్కించుటకు మంచి కెపాసిటర్లు లేవు. అందుచే హై టెన్షన్ తీగకు సమాంతరముగా, కొంత దూరమున, మరియొక పొడవైన తీగను ఏరియలు వలె కట్టెడివారు. ఒక తీగనుండి వేరొక తీగకు తరంగము గాలిలో దాటవలెను. ఇందు శక్తి వ్యర్థమయ్యెడిది. తెగిపడిన తీగ హై టెన్షన్ లైనుకు తగిలినచో ప్రాణములకే ముప్పు. అధిక వోల్టేజిని తట్టుకొనగల పింగాణీ తొడుగు కెపాసిటర్లు వచ్చిన తరువాతనే ఈ విద్య స్థిరపడెను.

హుస్సేన్ సాగరము నుండి రామగుండము వరకు

హైదరాబాదు నగరమునకు 1920లో హుస్సేన్ సాగరము ఒడ్డున ఆవిరి విద్యుత్కేంద్రము ఏర్పడెను. విద్యుత్తు పుట్టుచోటును, దానిని వాడుచోటును ఒకే ఊరిలో ఉన్నంత కాలము దూరవార్తల అవసరము అంతగా లేదు. తరువాత స్థితి మారెను. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడినది. బొగ్గు ఉన్నచోటను, నీరు పడుచోటను విద్యుత్కేంద్రములు వెలసినవి: 1966లో కొత్తగూడెము, 1978లో నాగార్జునసాగరము, 1982లో శ్రీశైలము. 1983లో రామగుండమున జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రపు తొలి యూనిట్ పనిచేయ మొదలిడినది. క్రమముగా ఆ కేంద్రము 2,600 మెగావాట్ల సామర్థ్యమునకు పెరిగినది. ఆ శక్తి 400 కిలోవోల్టుల లైన్లపై సుమారు 200 కిలోమీటర్లు పయనించి రాజధాని పొలిమేరలకు చేరవలెను. మేడ్చల్ మండలములోని ఘనాపూర్ సబ్‌స్టేషను అట్టి శక్తిని అందుకొను ద్వారములలో ఒకటి.

ఇంత పొడవైన లైనుకు రెండు కొసల నుండు మనుష్యులు మాటలాడుకొనవలెను. రెండు కొసల నుండు యంత్రములు అంతకంటె వేగముగా మాటలాడుకొనవలెను. దీని కారణమును కొంచెము వివరింపవలసియున్నది.

లైనుపై ఎక్కడనైన పిడుగు పడినను, చెట్టుకొమ్మ తగిలినను ప్రవాహము ఒక్కసారిగా పెరుగును. ప్రతి కొసను రిలే అను కావలి సాధనము ఉండును. అది వోల్టేజిని, ప్రవాహమును కొలిచి, వాని నిష్పత్తిని బట్టి లోపము ఎంత దూరమున గలదో లెక్కగట్టును. లైనులో మొదటి 80 శాతము దూరములోపల లోపమున్నచో వెంటనే స్విచ్చిని తెరపించును. చివరి 20 శాతములో ఉన్నచో అది సంశయించును. లోపము తన లైనుపైననే ఉన్నదా, ఆవలి సబ్‌స్టేషనుకు అవతలి లైనుపై ఉన్నదా అని దూరమునుండి నిశ్చయముగా చెప్పలేదు. తొందరపడి తెరచినచో నిర్దోషియగు లైను ఆగిపోవును. కనుక సెకనులో మూడవ వంతు మొదలు అర సెకను వరకు వేచియుండును.

అర సెకను మనకు రెప్పపాటు. అంతటి భారీ లైనుపై లోపము అంతసేపు నిలిచినచో విద్యుత్కేంద్రములలోని జనరేటర్లు ఒకదానితోనొకటి అడుగు కలుపలేక విడిపోవచ్చును. ఒక లైను లోపము రాష్ట్రమంతటికి చీకటి తేవచ్చును. ఆవలి కొసనున్న రిలేకు లోపము దగ్గరగా ఉండును గనుక దానికి సంశయము లేదు. అది వాహక తరంగముపై ‘లోపము మన లైనుపైననే’ అని ఒక్క మాట పంపినచో ఇవతలి రిలే సెకనులో కొన్ని వందవ వంతులలోనే స్విచ్చిని తెరపించును. ఒక్క మాట, ఔను లేక కాదు. దానిపై కోట్లమంది దీపములు ఆధారపడియున్నవి.

ఈ పనికై భారతదేశమున సాధారణముగా 40 నుండి 500 కిలోహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యములను వాడుదురు. ఒక్కొక్క మార్గము వెడల్పు 4 కిలోహెర్ట్జ్. అందులోనే కొంత భాగము మాటలకు, కొంత భాగము సంకేతములకు. గాలివానకు టెలిఫోను స్తంభములు కూలినను ఉక్కు టవర్లు నిలుచును గనుక ఈ పద్ధతి ఇంజనీర్లకు నమ్మకమైన స్నేహితుడయ్యెను. ఇటీవలి దశాబ్దములలో టవరు కొన మీది భూతీగలోనే గాజుపోగులను ఇమిడ్చి కాంతి ద్వారా వార్తలను పంపుచున్నారు. దాని వేగము వేల రెట్లు అధికము. వాహక తరంగ పద్ధతి పలుచోట్ల దానికి తోడుగా, ఆపద్బంధువుగా నిలిచినది.

అందరికి ఒకేమారు వినిపించు మాట

పెద్ద లైన్లపై ఈ కథ నడుచుచుండగా, ఇండ్లకు పోవు చిన్న తీగలపై వేరొక కథ మొదలయ్యెను. 1930 ప్రాంతమున జర్మనీలోను, పిదప ఇతర ఐరోపా దేశములలోను, న్యూజిలాండులోను సబ్‌స్టేషను నుండి కొన్ని వందల హెర్ట్జ్ సంకేతమును తీగలపైకి పంపి ఇండ్లలోని నీళ్లు కాచు పాత్రలను ఆర్పుట, వెలిగించుట అలవాటు చేసిరి. ఫ్రాన్సులో ఇందుకు 175 హెర్ట్జ్‌ను ఎన్నుకొనిరి. పౌనఃపున్యము తక్కువ గనుక సంకేతము ట్రాన్స్‌ఫార్మర్లను దాటి ఇంటింటికి చేరును. కాని దానికి చాల శక్తి కావలెను. వేగము మిక్కిలి తక్కువ. ఇంటినుండి తిరుగు సమాధానము రాదు. అయినను అందరు ఒకేమారు విద్యుత్తు వాడకుండ ఆపుటకు అదియే చాలెను.

తెలంగాణ పల్లెలలో ఇట్టి ప్రత్యేక సంకేతము లేదు. కాని రైతు తనకు తానే ఒక సంకేతమును కనిపెట్టుకొనెను. వ్యవసాయమునకు త్రీఫేజ్ విద్యుత్తు వంతులవారీగా, కొంత పగలు, కొంత రాత్రి వచ్చు రోజులలో కరెంటు ఎప్పుడు వచ్చునో అని చీకటిలో బావి కడకు పోవలసివచ్చెడిది. పామును త్రొక్కినవారు గలరు, తడిచేతితో స్టార్టరును ముట్టి ప్రాణము కోల్పోయినవారు గలరు. అందుచే రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించుకొనిరి. మూడు ఫేజులు రాగానే మోటారు తనంతట తానే తిరుగును. శాస్త్రదృష్టితో చూచినచో ఆటో స్టార్టరు ఒక వార్తాగ్రాహకమే. ‘కరెంటు వచ్చినది’ అను ఒక్క మాటను అది తీగనుండియే వినును.

కాని ఆ మాట ట్రాన్స్‌ఫార్మరు క్రింద నున్న మోటార్లన్నింటికి ఒకే క్షణమున వినిపించును. మోటారు తిరుగ మొదలిడునప్పుడు మామూలుకంటె అనేక రెట్లు ప్రవాహమును లాగును. అన్నియు ఒక్కసారి లేచినచో వోల్టేజి పడిపోవును, ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కును, ఒక్కొక్కప్పుడు కాలిపోవును. 2018 జనవరి 1 నుండి సుమారు 23 లక్షల వ్యవసాయ కనెక్షన్లకు 24 గంటల సరఫరా ఆరంభించునపుడు, భూగర్భజలము వృథాకాకుండ ఆటో స్టార్టర్లను తొలగించుడని తెలంగాణ ప్రభుత్వము రైతులను కోరవలసివచ్చెను. ఒక్కొక్క మోటారుకు దాని పేరున వేరువేరుగా మాట చెప్పగల విద్య ఉండినచో ఎంత మేలో ఈ అనుభవము చూపుచున్నది.

ఆశలు, ఆశాభంగములు

పేరు పెట్టి పిలుచు విద్య మొదట ఇండ్లలో వచ్చెను. 1975లో స్కాట్లండుకు చెందిన పికో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఎక్స్-10 అను పద్ధతిని రూపొందించెను. వోల్టేజి సున్న దాటు ప్రతి సమయమున 120 కిలోహెర్ట్జ్ తరంగమును క్షణకాలము పంపుట, పంపకుండుట దీని భాష. గోడలోని తీగపైననే ఒక గది స్విచ్చి వేరొక గది దీపమును ఆజ్ఞాపించెను. 1991లో ఐరోపా దేశములు 3 నుండి 148.5 కిలోహెర్ట్జ్ వరకు గల పట్టీని ఇట్టి వార్తలకై పంచిపెట్టెను. అందు 95 కిలోహెర్ట్జ్ వరకు విద్యుత్ సంస్థలకు, పై భాగము వినియోగదారులకు విడిచిపెట్టిరి.

తరువాత ఇంటర్నెట్ వచ్చినది, ఆశ పెరిగినది. ప్రతి ఇంటికి విద్యుత్ తీగ ఉండగా వేరే తీగ ఏల అను ప్రశ్న పుట్టినది. 1997లో కెనడాకు చెందిన నార్టెల్, ఇంగ్లండులోని నార్వెబ్ సంస్థలు మాంచెస్టరు ప్రాంతమున సెకనుకు పది లక్షల బిట్ల వేగముతో విద్యుత్ తీగపై ఇంటర్నెట్ ఇత్తుమని ప్రకటించెను. పత్రికలు మెచ్చుకొనెను. 1999లో ఆ యత్నమును విరమించిరి. అంత వేగమునకు మెగాహెర్ట్జ్ పౌనఃపున్యములు కావలెను. ఆ పౌనఃపున్యములకు విద్యుత్ తీగలు, వీధిదీపపు స్తంభములు ఏరియళ్లవలె మారి రేడియో వినువారికి అంతరాయము కలిగించును. ఖర్చునకు తగిన రాబడియు కనబడలేదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు మనాసస్ పట్టణము 2005లో ఊరంతటికి ఇట్టి సేవను ప్రారంభించి 2010లో మూసివేసినది.

తీగ చేయలేని పనిని తీగచేత చేయింపబూనుటయే ఈ ఓటములకు మూలము. టెలిఫోను తీగ జతగా, పురిపెట్టబడి, వార్తకొరకే పుట్టినది. విద్యుత్ తీగ కొమ్మలు కొమ్మలుగా చీలి, ప్రతి కొమ్మ కొసను ఏదో ఒక యంత్రమును మోయుచుండును.

చిన్న మాటకు పెద్ద గణితము

1948లో క్లాడ్ షానన్ వార్తాసిద్ధాంతమును ప్రకటించెను. ఒక మార్గమున ఎంత వేగముగా తప్పులేని వార్త పోగలదో దాని పట్టీ వెడల్పును, రొదకంటె సంకేతము ఎంత బలముగా ఉన్నదో చూచి లెక్కింపవచ్చునని ఆయన నిరూపించెను. విద్యుత్ తీగపై రొద హెచ్చు. అదియు నిలకడ లేనిది. ఒక పౌనఃపున్యము ఉదయము బాగుండును, సాయంకాలము చెడిపోవును.

దీనికి తగిన ఉపాయము 1966లో బెల్ ప్రయోగశాలలోని రాబర్ట్ చాంగ్ సూచించిన బహువాహక పద్ధతిలో దొరికెను. వార్తను ఒకే వాహకముపై మోపక, అనేక చిన్న వాహకములపై పంచిపెట్టుట దీని సారము. ధాన్యమునంతయు ఒక్క బండిపై వేసినచో బండి బురదలో దిగినపుడు అంతయు పోవును. నూరు తట్టలలో నూరుగురు మోసినచో ఒకరిద్దరు జారినను పంట ఇల్లు చేరును. 1971లో ఫోరియర్ పరివర్తనమును అంకెలతో చేసి ఈ పనిని సులభము చేయవచ్చునని చూపిరి. చౌకయగు చిప్పులు వచ్చిన పిదప అది ఆచరణలోనికి వచ్చెను. 2001లో హోమ్‌ప్లగ్ ప్రమాణము ఇంటి తీగలపై సెకనుకు 1.4 కోట్ల బిట్ల వేగమును నిర్దేశించెను. 2010లో ఐఇఇఇ 1901, 2013లో 500 కిలోహెర్ట్జ్ లోపలి పనులకై ఐఇఇఇ 1901.2 ప్రమాణములు వెలువడెను.

కాని అన్నిటికంటె పెద్ద విజయము తక్కువ వేగముతోనే లభించెను. ఇటలీలో ఎనెల్ సంస్థ 2001 నుండి మూడు కోట్లకు పైగా ఇండ్లలో, తీగపైననే లెక్క చెప్పు మీటర్లను బిగించెను. మీటరు పంపవలసినవి కొన్ని అంకెలు మాత్రమే. ట్రాన్స్‌ఫార్మరు కడ నుండు సాధనము క్రిందనున్న మీటర్లను పేరుపేరున పిలిచి లెక్కలు సేకరించి, వేరొక మార్గమున కార్యాలయమునకు పంపును. మాంచెస్టరులో ఓడిన తీగయే ఇటలీలో గెలిచినది. అడిగిన పని మారినది.

మన ప్రాంతమునకును ఈ గాలి వీచెను. 2013 ప్రాంతమున కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ దేశమున 14 చోట్ల స్మార్ట్ గ్రిడ్ ప్రయోగములను తలపెట్టగా, మేడ్చల్ మార్గమున నున్న జీడిమెట్ల పారిశ్రామికవాడ అందులో ఒకటయ్యెను. సుమారు 12,000 మంది వినియోగదారుల మీటర్లను దూరమునుండి చదువుట దాని ఉద్దేశములలో ముఖ్యమైనది. ఇట్టి పనికి విద్యుత్ తీగ, రేడియో, సెల్‌ఫోను అను మూడు దారులు గలవు. ఏ వీధికి ఏది తగునో అక్కడి తీగలను కొలిచినవారే చెప్పగలరు.

కళాశాలలో అధ్యయనము

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో, దాని ఇంజనీరింగు కళాశాల 1929లో ఏర్పడినవి. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము పుట్టినది. 2008లో శామీర్‌పేట ప్రాంతమున బిట్స్ పిలానీ హైదరాబాదు విద్యాలయము ఆరంభమైనది. మేడ్చల్ మార్గమున అనేక ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. ఇవన్నియు విద్యుత్ తీగల నడుమనే ఉన్నవి. అధ్యయనమునకు ఇంతకంటె మంచి చోటు అరుదు.

అయితే ఈ శాస్త్రము రెండు శాఖల నడిమి గట్టుపై నిలిచియున్నది. విద్యుత్ శాఖ విద్యార్థికి ట్రాన్స్‌ఫార్మరు, మోటారు, లైను తెలియును. వాహక తరంగము అంతగా తెలియదు. వార్తాశాఖ విద్యార్థికి వాహక తరంగము తెలియును, లైను తెలియదు. ఇద్దరు కలిసి చేపట్టినప్పుడే పని సఫలమగును.

వారు పుస్తకముల నుండి తీసికొను తీగ నమూనాలు ఎక్కువగా ఐరోపా, అమెరికా వీధులలో కొలిచినవి. ఐరోపా నగరములలో తీగ భూమిలో పాతిన కేబులు. శామీర్‌పేట పల్లెలలో అది స్తంభములపై సాగు బోడి అల్యూమినియము తీగ. అక్కడ కొస నుండునది ఇల్లు. ఇక్కడ బోరుబావి మోటారు కూడ. ఒక్క ఉదాహరణము చాలును. ఐదు అశ్వశక్తుల మోటారుకు పవర్ ఫాక్టరు బాగుపడుటకై రెండు కిలోవార్ల కెపాసిటరును బిగింతురు. ప్రతి ఫేజుకు అది సుమారు 12 మైక్రోఫారడ్లు. లక్ష హెర్ట్జ్‌కు దాని నిరోధము ఓములో ఎనిమిదవ వంతు మాత్రమే! కలుపు తీగల ప్రభావము కొంత చేరినను, ఆ మోటారు నడుచునంతసేపు వార్తలో పెద్ద భాగమును అది మ్రింగివేయును. రామగుండము లైనుపై వార్తను ఎక్కించు సాధనమే రైతు పొలమున వార్తను మాయము చేయుచున్నది. ఈ ప్రశ్నకు విదేశీ నమూనాలో సమాధానము వెదకిన దొరకదు. మోటారుకును కెపాసిటరుకును నడుమ చిన్న తీగచుట్టను చేర్పవలెనా? పౌనఃపున్యమును తగ్గింపవలెనా? మోటారు ఆగియున్న వేళలో మాత్రమే మాటలాడవలెనా? కొలిచి తేల్చవలసిన ప్రశ్నలివి.

కొలుచుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. వసతిగృహపు గదిలోని ఒక్క ప్లగ్గు కడ ఒక దినమంతయు రొదను నమోదు చేసినచో చాల సంగతులు బయటపడును. ఫాను రెగ్యులేటరు, ఎల్‌ఇడి దీపము, ఫోను చార్జరు ఒక్కొక్కటి తన గుర్తును విడుచును. రొదలో ఎక్కువ భాగము సెకనుకు 100 మార్లు లేచి పడును. వోల్టేజి ప్రతి ఆవర్తనములో రెండుమార్లు సున్న దాటుటయే కారణము. ఆ రెంటి నడిమి నిశ్శబ్దమున మాటలాడుట తెలివి. ఒక జాగ్రత్త మాత్రము మరువరాదు. ఆసిలోస్కోపును నేరుగా 230 వోల్టుల తీగకు కలుపుట ప్రమాదము. తగిన కెపాసిటరును, వేరుచేయు ట్రాన్స్‌ఫార్మరును, ఫ్యూజును నడుమ ఉంచి, అధ్యాపకుని సమక్షముననే చేయవలెను. వీధి తీగలపై కొలతలకు విద్యుత్ సంస్థ అనుమతియు, దాని సిబ్బంది తోడును తప్పనిసరి.

తొలినాటి ఇంజనీర్లు ఏరియలు తీగలతో తంటాలు పడి లైను గుణమును తెలిసికొనిరి. నేటి విద్యార్థికి చిప్పులు చౌకగా దొరకును, గణితము సిద్ధముగా నున్నది. కొరతగా నున్నవి మన పల్లె లైన్ల కొలతలు: ఏ వేళ, ఏ పౌనఃపున్యమున, ఎన్ని మోటార్లు నడుచుచుండగా, వార్త ఎంత దూరము పోవుచున్నది అను పట్టికలు. మేడ్చల్, శామీర్‌పేటల కళాశాలలు ఏటేట కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల క్రింద ఇట్టి పట్టికలను సిద్ధపరచినచో, మోటారును పేరుపెట్టి పిలుచు విద్య మన రైతుకు అందుబాటులోనికి వచ్చును. అప్పుడతడు చీకటిలో బావి గట్టుకు నడువనక్కరలేదు, ట్రాన్స్‌ఫార్మరును కాల్పనక్కరలేదు. తీగ ఇదివరకే పొలము చేరియున్నది. దాని భాషను నేర్చుకొనుటయే మిగిలియున్నది.